కదిలితేనే మేత

వాచీలు బాగుచేసే పెద్దాయన రోజూ కొట్టు మూసే ముందు, బల్ల చివర గాజుపెట్టెలో ఉన్న చెట్టుకప్పకు మేత పెడతాడు. వాచీ ముళ్లు పట్టుకునే సన్న పట్టకారుతోనే చచ్చిన కీచురాయిని పట్టుకుని దాని మూతి ముందుంచుతాడు. కదలనిదాన్ని కప్ప తిండి కింద జమకట్టదు. ముప్పై ఏళ్లుగా ముళ్లు బిగించిన ఆ చేతికేమో వణకడం తెలియదు. అందుకని పనిగట్టుకుని ఆడించాలి. "కాస్త వణకండి, పాపం దానికి ఆకలేస్తోంది," అంటుంది పక్కనే కొట్టు సర్దే భార్య. నిన్న ఆయన ఇంకా ఆడించనేలేదు, కప్ప ఎగిరి లాక్కుంది. "ఇవాళ తొందరగా తినేసిందే," అందావిడ. "ఆకలేసుంటుంది," అని ఆయన ఇంకో కీచురాయిని తీశాడు. మోచెయ్యి బల్లకానించి, ఊపిరి బిగబట్టి, చెయ్యి అస్సలు కదపకుండా పట్టుకున్నాడు. కప్ప దాన్నీ తినేసింది.