సగం రాజ్యం దండోరా

మొన్న మనవరాలు కొత్త కథల పుస్తకం విప్పగానే గుప్పుమన్న అచ్చు సిరా వాసనకు నా ముసలి ముక్కు నన్ను అడక్కుండానే లాడ్ బజార్ వెనక సందులోని మా ఇంటికి వెళ్ళిపోయింది. వానకు తడిసిన సున్నపు గోడలు, పక్కింట్లో కరిగే లక్క, రంజాన్ నెలలో నేతిలో వేగే సేమియా, దసరాకు అమ్మ వండే బెల్లపు అప్పాలు, అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి అక్కడ. మా బాపుది దువ్వెనలు, అద్దాలు, రిబ్బన్లు అమ్మే దుకాణం. అన్నం తినడానికి కూడా నేను ముద్ద ముద్దకూ బేరమాడుతున్నానని అమ్మ తల బాదుకునేది.

బెజవాడ నుంచి సరుకు తెచ్చే చుట్టం ఒకాయన ఓసారి పలచటి కథల పుస్తకం తెచ్చాడు. భాగాలుగా వచ్చే కథ అది: ఏడు సముద్రాల అవతలికి రాక్షసుడు ఎత్తుకుపోయిన రాకుమారి, మాట్లాడే గుర్రం. మా బడిలో అంతా ఉర్దూనే. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది బాపు చెల్లెలు, మా చిన్నత్తకు ఒక్కదానికే. ఆమె చదువుతుంటే విన్నాను. రాక్షసుడు నన్ను భయపెట్టలేదు, రాజు భయపెట్టాడు. బిడ్డను తెచ్చినవాడికి సగం రాజ్యమని, ఎవరూ అడగకముందే దండోరా వేయించాడు!

"ఏందత్తా గిది! మొదటి మాటకే సగమిస్తడా? చారెడు నేల కాడ మొదలుపెట్టాలె గని!"

"నువ్వు గా రాజు బిడ్డవైతే రాక్షసుడే నిన్ను వాపస్ తోలుతుండె. నోరు మూసుకొని ఇను."

విన్నదంతా పక్కింటి జైనబ్ ఖాలాకు చేరవేసేదాన్ని. ఖాలా నిప్పుల ముందు కూర్చుని లక్క గాజుల మీద అద్దపు రాళ్ళు అద్దుతూ, రాజును నాకంటే ఎక్కువగా తిట్టేది. రెండో భాగం చివర రాకుమారి బంగారు పంజరంలో పడింది, తెల్లారితే రాక్షసుడితో పెళ్ళి. సరిగ్గా అప్పుడే చిన్నత్తకు ఓరుగల్లు సంబంధం కుదిరింది. ఆమె వెళ్ళిపోతే మూడో భాగం ఎవరు చదువుతారు? ఆ రాకుమారిని పంజరంలో వదిలేసి అన్నం ఎలా తినను?

నేర్పమని పట్టుబట్టాను. అక్షరానికో బిందె నీళ్ళు తోడాలంది చిన్నత్త. గుణింతాలన్నీ కలిపి టోకున తెగ్గొట్టి, ఒత్తులు కొసరుగా వేయించుకున్నాను. లాభం నాదేననుకున్నాను గానీ, ఆ కొసరే నాకు చాలాకాలం నోట పలకలేదు. చిన్నత్త బండెక్కిన తర్వాత కొన్నాళ్ళకు మూడో భాగం వచ్చింది. ఖాలా ముందు కూర్చుని, ఒక్కో అక్షరాన్నీ వేలితో నొక్కిపట్టి చదివాను.

"గిట్ల నడిస్తే రాక్షసుడు ముసలోడైతడు బేటీ!"

అయినా ఆపలేదు. రాక్షసుడు తాళి పట్టుకుని వచ్చేచోట ఆ భాగం అయిపోయింది. నాలుగోది రానే లేదు. యుద్ధం, కాగితం దొరకడం లేదన్నాడు చుట్టం.

"ఏమైంది? చెప్పు, లక్క చల్లారుతున్నది," అని ఖాలా రోజూ అడిగేది.

ఒక మధ్యాహ్నం అదే పుస్తకం విప్పి, ఆఖరి పేజీ మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. పెళ్ళికి ఒప్పుకుంటాను గానీ ముందు పంజరం తలుపు ఇమ్మంది రాకుమారి. తలుపు తర్వాత కోట, కోట తర్వాత సముద్రం. చివరికి రాక్షసుడి చేతిలో వట్టి తాళి మిగిలింది.

"గిది పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది ఖాలా."

"జూటీ! వేలు ఒక్క కాడనే ఉన్నది. ఆపకు, చెప్పు."

ఇప్పుడు ఆ సందులో నిప్పుల కుంపట్లు లేవు, ఖాలా లేదు, చిన్నత్త లేదు. పుస్తకాలను చెదలు తిన్నాయి. నాలుగో భాగం అసలు అచ్చయిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరైనా తెచ్చిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగానే చదువుతాను. కానీ అందులో రాకుమారిని ఎవరో వచ్చి విడిపించినట్టుంటే మాత్రం, ఆ పుస్తకం నాకొద్దు.