దీపం వెనక మనిషి

ఆ సాయంత్రం నా భార్య సలోమి చేసిన చివరి పని, కొంగుతో పటం అద్దం తుడవడం. తుడిచి వంటింటి వైపు నడుస్తూ కూలిపోయింది. గుండె ఆగిందన్నారు.

పటంలో ఉన్నది ఎప్పటిదో పాత డచ్ బొమ్మ. సలోమి చెల్లెలు బ్యూలా బేగంపేటలో పనిచేసే ఆఫీసు క్యాలెండర్‌లో వచ్చింది. రెండేళ్ల కిందట సలోమి దానికి ఫ్రేము కట్టించి, చిలకలగూడలో మా ముందుగది గోడకు తగిలించింది. బల్ల మీద కొవ్వొత్తి, దాని ముందు బట్ట కుడుతున్న ఆడమనిషి. వెలుగంతా ఆమె చేతుల మీద, ఒక చెంప మీద. వెనక చీకట్లో గోడకు ఆనుకుని ఒక మగమనిషి ఆమెనే చూస్తుంటాడు.

సలోమి బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైంది. బొమ్మలో సూది పట్టిన తీరు ఆమెకు తెగ నచ్చింది.

"ఎంత మంచిగ కుడుతుందో చూడండి. పాపం, ఒక్కతే కూసున్నది."

"ఒక్కతేంది? మొగుడు ఎనక నిలబడ్డడు గద!"

"ఆఁ, మీరు చెప్తిరి, నేను నమ్మితి. డ్యూటీకి పోయుంటడు."

నేను గూడ్సు బండ్ల గార్డుగా చేశాను. పెళ్లయిన నాటి నుంచి సగం రాత్రులు ఆమె ఒక్కతే గడిపింది. నాకు తగలాలనే ఆ మాట అంటున్నదనుకున్నాను. వెనక మనిషి ఉన్నాడని ఆమె నోట ఒక్కసారి వినాలని నా ఆశ. అలా అంటే ఆ రాత్రులన్నీ మాఫ్ చేసినట్టే.

ట్యూబ్‌లైటు కళ్లలో పొడుస్తుందని, సాయంత్రాలు టేబుల్ లైటు కిందే మనవరాలి గౌనుకు పువ్వులు కుట్టేది. నేను తలుపు పక్కన, వెలుగు అందని కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. మధ్యలో తలెత్తకుండానే అడిగేది:

"ఉన్నరా, బండెక్కిన్రా?"

"ఉన్న."

నవ్వి మళ్లీ కుట్టులో పడేది. ఇప్పుడూ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. జవాబు నాలుక మీదే ఉంటుంది. అడిగే గొంతే లేదు.

సమాధి అయ్యాక ఇంట్లో ప్రార్థన చేసే ఆదరణ కూటానికి వచ్చినవాళ్లంతా వెళ్లాక, బ్యూలా పటం ముందు నిలబడింది.

"ఎనక మనిషి కనబడుతున్నడా నీకు?" అని అడిగాను.

"ఎందుకు కనబడడు బావా? మీసాలు సుత కనబడుతున్నయి."

"మీ అక్క ఒప్పుకోనే లేదు. మొండిది."



"మొండితనం కాదు బావా. మూడేళ్ల సంది అక్కకు ఎలుగు తక్కువున్న కాడ ఏం కనబడకుండె. నువ్వు పరేషాన్ అయితవని చెప్పనియ్యలే."