సమితి జీపు కాదు, మాదే

మా తాతగారికి జీపు ఉండేది. ఈ మాటకు సాక్ష్యం అవసరమయ్యే రోజు వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిలటరీవాళ్లు వేలం వేసిన జీపుల్లో ఒకదాన్ని ఆయన మద్రాసులో కొని, అద్దంకి దాకా తోలించుకొచ్చారు. నేను పుట్టకముందే దాన్ని అమ్మేశారు. ఫొటోలు చెదలపాలయ్యాయి. మిగిలిన సాక్షి మా మేనత్త ఒక్కతే. ఆవిడ కళ్లకు పొర కమ్మింది. ఆపరేషనంటే ససేమిరా అంటుంది.

మా పొలం కౌలుకు చేసే రైతు ఆ ఏడు దసరా ముందు మొదటి తీత పత్తిని మా ముందు హాల్లోనే కుప్ప పోశాడు. హాలు కూడా ఆయనకే అద్దెకిచ్చాం, ఇవ్వక తప్పలేదు. తాతగారు తగవులు తీర్చిన చోట పత్తి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఓ సాయంత్రం కూలీలందరి ముందూ అన్నాడు:

"మీకు జీపెక్కడిదండీ బాబుగారూ! అది పంచాయతీ సమితి జీపంట కదా. పెద్దాయన ఎక్కి తిరిగేవాడంతే. మా నాన్న చెప్పేవాడు."

అందరూ నవ్వారు. అలాంటివాటికి జవాబు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ వారమే పనిమీద చెన్నై వెళితే, ఒక దుకాణం అద్దాల వెనక అదే జీపు కనిపించింది. అసలుకు ముప్పై అయిదో వంతు నమూనా. పెట్టెలో ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. మనమే కోసి, అరగదీసి, అతికించి, రంగు వేసుకోవాలి. దాన్ని తయారుచేసి హాల్లో పెడతాను, అందరి ముందూ అత్తయ్య చేత "ఇది మనదే" అనిపిస్తాను. నాకు కావలసింది అంతే.

ఆ పని మనిషిని ఎంత విసిగిస్తుందో పెట్టె మీద ఎవరూ రాయలేదు. స్టీరింగు చక్రం పత్తి కుప్పలో పడి ఒక పూటంతా వెతికించింది. అద్దంకిలో కొన్న ఎనామిల్ రంగు వేస్తే జీపు కొత్త గేటులా తళతళలాడింది. మెరుపు చావడానికి రంగులో టర్పెంటైనూ, ముఖానికి రాసుకునే పౌడరూ కలిపాను. తీరా అది కుదిరాక, పత్తి నూగు ఎగిరొచ్చి తడి మీద వాలింది. మిలటరీ జీపుకు గడ్డం మొలిచింది. నూగు పీకితే రంగూ ఊడొచ్చింది.

దీనికి తోడు అత్తయ్య.

"మన జీపు ఈ రంగు కాదురా."

"మరే రంగు?"

"దుమ్ము రంగు."

"దాని మీద దుమ్ము పడి ఉంటుందత్తయ్యా. లోపల పచ్చే."

"నేనెక్కినప్పుడల్లా దుమ్ము రంగే. నువ్వెక్కావా, నేనెక్కానా?" అంటూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, ముక్కుకు పచ్చరంగు అంటించుకుంది. ఈవిడా నా సాక్షి!

ఆయుధపూజ నాటికి చివరి పూత వేసి, నూగు తగలకుండా బయట అరుగు మీద ఆరబెట్టాను. అంచులు గీకి సరిచేద్దామంటే నా బ్లేడూ, చిమటా, ఆకురాయీ అప్పటికే దేవుడి ముందు కుంకుమ బొట్లతో కొలువుదీరి ఉన్నాయి. పండగనాడు పనిముట్టు ముట్టుకోకూడదట. సరే, స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి జీపు ముందు కొబ్బరికాయ కొట్టి ఉంది. ఆరని రంగు మీద పసుపు, కుంకుమ, బానెట్టుకు అంటుకుపోయిన బంతిరేకులు. అత్తయ్య వంగి, ముందు చక్రాల కింద నిమ్మకాయ పెట్టి అరచేత్తో నొక్కుతోంది. ఆ నిమ్మకాయ చక్రం కంటే పెద్దది. ఇరుసు టప్పున విరిగింది. నిమ్మకాయకు ఏమీ కాలేదు.

"అత్తయ్యా! ఏం చేశావు!"

"బండి ఇంటికొస్తే పూజ చెయ్యొద్దా?"

"బండా ఇది? బొమ్మ!" అని అరిచాను. వాకిలి నిండా కూలీలు ఉన్నారని అప్పుడు చూశాను. వాళ్ల ముందు కౌలు రైతు.

"బొమ్మకి పూజేందండీ పెద్దమ్మగారూ?" అన్నాడు నవ్వుతూ.

అత్తయ్య నడుం నిటారు చేసింది. "ఈ జీపుకి ఏటా ఇదే వాకిట్లో కాయ కొట్టేది మీ నాన్నే. కొట్టి, ఒక చిప్ప పట్టుకుపోయేవాడు. సమితి బండయితే సమితి ఆఫీసులో కొట్టుకుంటారు గానీ, మా వాకిట్లో ఎందుకు కొడతార్రా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన తల గోక్కున్నాడు. "చిప్ప... అవునండీ, దసరాకి ఇంటికి తెచ్చేవాడు," అన్నాడు మెల్లగా.

"నిలబడ్డావేం, ప్రసాదం పెట్టు," అంది అత్తయ్య నాతో. "బండి ఎవరిదో వాళ్లే పెట్టాలి."

విరిగిన ఇరుసు పక్కన పెట్టి, కొబ్బరి ముక్కలు పంచాను. కౌలు రైతు తలగుడ్డ తీసి, రెండు చేతులూ పట్టాడు. ముక్క నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టాడు.

"టర్పెంటైన్ వాసనేస్తందండీ బాబుగారూ."

"తినండి," అన్నాను.

తిన్నాడు.