నడుస్తున్న ఇంజను మీద పీకిన తీగ

మొన్న ఉదయం మా బచేలి గని కాలనీలో పక్కింటి పెద్దాయన, కారులో బ్యాటరీ దీపం ఎర్రగా వెలుగుతోందని, ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి పరీక్షించబోయాడు. గోడ ఇవతలి నుంచి నేను వేసిన కేకకు ఆయన చేతిలోని పానా జారి కిందపడింది. ఎన్నేళ్ళు గడిచినా ఆ ఎర్రదీపం చూస్తే నాకు ఒక అడవి దారి గుర్తొస్తుంది.

గని వాహనాల షెడ్డులో పనిచేసే రోజుల్లో, సాయంత్రాలు ఈ కాలనీలోనే మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచేవాణ్ణి. మీలో కొందరు చప్పట్లు కొట్టే ఉంటారు. అలాంటి రోజుల్లోనే ఒక వానాకాలం పాత డీజిల్ జీపు వేసుకుని బాసగూడలో అక్క ఇంటికి వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం పొలంలో కలుపు తీస్తున్న అక్కను తాచుపాము కాలి మీద కాటేసింది. బావ మంత్రగాడి కోసం పరుగెత్తబోతే అడ్డుపడి, అడవి అవతల బీజాపూర్ ఆసుపత్రికి చేరిస్తే బతుకుతుంది, మాట నాదీ అని ఇద్దరినీ జీపెక్కించాను. బావ బంపరుకు కట్టిన నిమ్మకాయను తెంపి మరీ విసిరేశాను.

అడవిలోకి వచ్చాక జీపులో బ్యాటరీ ఎర్రదీపం మినుకుమినుకుమంది.

“చూసినవా బామ్మర్దీ, నిమ్మకాయ పారేసినవ్ గదా!” అన్నాడు బావ వెనక నుంచి.

ఆ మాటకు ఒళ్ళు మండి, ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తాను. బెల్టు నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. తరువాత చూడవలసింది తీగల బిగువు. అది చూడకుండా, షెడ్డులో మా ఉస్తాద్ చేసినట్టే బ్యాటరీ తీగ పీకాను. ఇంజను ఆగకపోతే ఛార్జింగు బాగున్నట్టని ఆయన పాఠం. డైనమో ఉన్న పెట్రోలు బండ్ల కాలంనాటి పాఠం అది. డీజిల్ ఇంజను ఒకసారి అంటుకుంటే కరెంటు ఉన్నా లేకున్నా నడుస్తుందని, బ్యాటరీ ఆసరా తప్పిన క్షణంలో దానికి ఛార్జింగు ఇచ్చే ఆల్టర్నేటరులో కరెంటు ఎగసి డయోడ్లు కాలిపోతాయని నాకు తెలుసు; తెలిసీ పీకాను. తీగ మళ్ళీ బిగించి చూస్తే ఎర్రదీపం ఇక మినుకుమనలేదు, నిండుగా వెలుగుతోంది; ఛార్జింగు పూర్తిగా పోయింది.

“ఎందుకు పీకినవ్?” అని అడిగాడు బావ.

“మా ఉస్తాద్ అట్లాగే చేసేవాడు.”

“మా తాత గూడ గట్లనే నిమ్మకాయ కట్టేటోడు,” అన్నాడు బావ.

బానెట్ మూసి బండి ముందుకు పోనిచ్చాను. ఇంజను ఆగిందా, ఆ ముసలి బ్యాటరీ మళ్ళీ తిప్పలేదు. బురదలో నెట్టడానికి బావ ఒక్కడే. వాన పెరిగేకొద్దీ వైపరు నెమ్మదించి, చివరికి అద్దం నడుమ ఆగిపోయింది. తల బయటపెట్టి నడిపాను. రోడ్డు మీద పారుతున్న వాగులో ఇంజను రెండుసార్లు దగ్గి, మళ్ళీ అందుకుంది. వెనక అక్క కనురెప్పలు వాలిపోతున్నాయి.

“ఓయ్, కండ్లు తెరువే! నీ తమ్ముడు తల బయటపెట్టి కోతి లెక్క ఉన్నడు, సూడు!” అని బావ ఆమె చెంపలు తడుతూనే ఉన్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో అక్కను దించాక కూడా ఇంజను ఆపడానికి చెయ్యి రాలేదు. గంటల తరువాత, ఇక గండం లేదని డాక్టరు చెప్పినప్పుడు, బయట ఆ జీపు ఇంకా గుడగుడమంటూనే ఉంది. తరువాత విప్పి చూస్తే అసలు జబ్బు ఆల్టర్నేటరు వెనక వదులైన ఒక్క నట్టు. వేళ్ళతో బిగిస్తే పోయేది.

ఇప్పుడా దారి తారు రోడ్డయింది, మెకానిక్ మీటరు పెట్టి చిటికెలో లెక్క చెబుతాడు. అక్క ఇప్పటికీ ఆ కాలితోనే పొలానికి వెళుతుంది. బావ పోయి రెండేళ్ళయింది. నా ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ ఎన్నడూ నన్ను ఎందుకని అడగలేదు. అడిగినవాడు నిమ్మకాయ కట్టే బావ ఒక్కడే. మొన్న పక్కింటాయన కూడా నా కేకకు బెదిరి, పానా తీసుకుని బుద్ధిగా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఎందుకు పీకకూడదో అడుగుతాడేమోనని గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.