ముందున్న దారాన్ని మడిచాను

ఇస్త్రీ దుకాణంలో గంజి వాసన తగలగానే మా ఇంటి గుంటమగ్గం గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఒక వేసవిలో నాయిన నేస్తుంటే నేను నూలు కండెలు చుట్టేదాన్ని. చీర పూర్తయ్యేదాకా గ్రంథాలయానికి పోవద్దన్నాడు. అక్కడ చదివిన పుస్తకమే తలలో తిరిగేది: వెలుగును మించి ఏదీ పరుగెత్తలేదు, కానీ ముందున్న శూన్యాన్ని కుదించి, వెనుకదాన్ని సాగదీస్తే, ఓడ తానున్నచోటే ఉండి నక్షత్రాన్ని చేరవచ్చట.

నాయిన అన్నానికి లేచాక, చీర త్వరగా అయిపోతుందని నిలువు పోగులను బిగించిన పడుగు తాడు విప్పి, దారాలను మడతలుగా దగ్గరికి జరిపాను. నేయకముందే దారాల మీద రంగులతో అద్దిన పువ్వులన్నీ చెదిరిపోయాయి.

నాయిన కొట్టలేదు. పోగు పోగు సర్దుతూ, "గిదేం పని బిడ్డా?" అన్నాడు. పుస్తకం సంగతంతా చెప్పాను.

"మరి గా ఓడల కూసున్నోడు నడుమల దిగొచ్చునా?"

"దిగరాదు నాయినా. లోపల్నుంచి ఆపనీకె రాదంట."

"అయితె గాడు గూడ మగ్గం మీదోడే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పోగులు సర్దుతూ రెండు రోజులు ఇద్దరం ఆ మగ్గం గుంట దగ్గరే ఉండిపోయాం.

అలాంటి ఓడ ఆగాలంటే బయటివాళ్లెవరో ముందే ఏర్పాటు చేసి ఉంచాలని పెద్దయ్యాక చదివాను. నన్ను చదువుకు పంపి నాయిన నాకు ఆ ఏర్పాటు చేశాడు. ఆయనకు చేసినవాళ్లే లేరు.