ఎర్ర గీత దాటినంక

ఏడేండ్లు మోసిన దీన్ని. ఎవరన్న మా బావ మంచితనం గురించి మాట్లాడితే లేచి బయటికి పోయేటోన్ని. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే గింత ధైర్యం.

మా బావ, అంటే మా అక్క పెనిమిటి, మోత్కూర్‌ల కరెంటు లైన్‌మన్. నెమ్మది మనిషి. ఆయనకున్న ఒక్కటే పిచ్చి, దూరాలు పోయే పెద్ద మోటర్‌సైకిల్. సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. అక్కను ఎనుక కూసోబెట్టుకొని కన్యాకుమారి దాకా పోవాలని ఇద్దరికీ ఆశ. ఇంజన్ ఆయిల్ ఎంత కాగిందో చూపే చిన్న మీటర్ కూడా తనే బిగించుకున్నడు.

ఏడేండ్ల కింద ఎండకాలంల నేను బండి అడిగిన. జడ్చర్లల దోస్తులు కలుస్తున్నరు, వాళ్ల ముందట ఆ బండి మీద దిగాలె. బావ కాదనలే.

"సూది ఎర్ర గీతకాడికి వస్తే ఆపు. నీడకు పెట్టి, సల్లవడ్డంకనే పో" అన్నడు.

దేవరకొండ దాటినంక సూది ఎర్ర గీత దాటింది. చూసిన. చూడలేదని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న గానీ, చూసిన. ఇంజన్ సెగకు పిక్కలు కాలుతున్నయ్. రోడ్డు పక్క చింతచెట్లున్నయ్. ఆపితే అరగంట పోతది, అంతే. కానీ మూడు గంటల్ల వస్తనని దోస్తులకు ఫోన్‌ల గొప్పలు చెప్పిన. ఆ అరగంట నాకెందుకంత బరువైంది? మాడిన వాసన వచ్చింది, లోపల్నుంచి టకటక చప్పుడు మొదలైంది, అయినా కల్వకుర్తి దాటి జడ్చర్ల దాకా గట్లనే తోలిన.

తిరిగొచ్చేటప్పుడు నల్లగొండల ఆయిల్ మార్పించిన. పాత ఆయిల్ తారు లెక్క కారింది. మెకానిక్ దాన్ని వేళ్ల నడుమ రుద్ది చూసిండు. "ఇనుప పొడి వస్తాంది. ఇంజన్ ఇప్పి చూడాలె. బండి గలాయనకు చెప్పు" అన్నడు. చెప్తనన్న. చెప్పలే. బండి తుడిచి తాళం బావ చేతుల పెట్టిన. కొత్త ఆయిల్‌తోని చప్పుడు తగ్గింది. తగ్గింది గనుక బాగైందనుకున్ననా, లేక అట్ల అనుకుంటే నాకు సుఖమని అనుకున్ననా?

మూడు వారాలకు వాళ్లిద్దరు విజయవాడకు బయలెల్లిండ్రు. హైవే ఎక్కినంక ఇంజన్ పట్టేసింది. ఎనుక చక్రం ఉన్నట్టుండి బిగుసుకపోయింది. బావ గీసుకపోయి లేచిండు. అక్క కాలు మీదికెల్లి ఎనుక వచ్చే కారు పోయింది. మోకాలి కింద తీసేసిండ్రు.

దవాఖానల ఆపరేషన్ గది ముందట బావ బెంచీ మీద కూసున్నడు. అంగీకి అక్క నెత్తురు.

"బామ్మర్దీ, నువ్వు తోలినప్పుడు ఏమన్న తేడా అనిపించిందా?"

"లేదు బావా."

"సూది ఎక్కలేదా?"

"ఎక్కలే."

"అయితే నేనే సక్కగ చూసుకోలే" అన్నడు. నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. నేను కూడా ఏడ్చిన. ఆ ఏడుపు చూసి, అక్క మీద నాకెంత పానమో అనుకున్నడేమో.

మళ్ల బండి ముట్టలేదు ఆయన. బస్సు పోయేకాడికి బస్సు, లేనికాడికి నడక. రోజు పొద్దుగాల అక్కకు పెట్టుడుకాలు తనే కట్టేటోడు, నేల మీద కూసొని, తలవంచుకొని. నేను పోయినప్పుడల్ల చూసేటోన్ని. చూసి, చాయ తాగి వచ్చేటోన్ని.

పోయిన వానకాలం బావ గుండె ఆగి పోయిండు.

మొన్న ఆదివారం అక్కకు చెప్పిన. ఇంటి ముందట కూసొని చిక్కుడుకాయ ఇరుస్తాంది. మొత్తం చెప్పిన, మెకానిక్ మాటతోని సహా. ఆమె చెయ్యి ఆగింది.

"మీ బావను నేను ఒక్కనాడు గూడ తిట్టలేదురా" అన్నది. "గానీ ‘పోనీలే, నీ తప్పు కాదు’ అని కూడా అనలే. ఆ ఒక్క మాట కోసం పోయేదాక నా మొకం దిక్కు చూసిండు. నాకు తెలుసు. అయినా అనలే."

నేను కాళ్లు పట్టుకోవాలని వంగిన. ఆమె వెనక్కి జరిగింది.

"ఇగ పో" అన్నది.

అప్పటి సంది ఫోన్ ఎత్తుతలేదు. ఎత్తమని అడిగే మొకం నాకు లేదు. ఒక్క మాట మాత్రం దాచను. ఆ దినం మోత్కూర్‌ల బస్సెక్కి కూసున్నంక, ఏడేండ్లల్ల మొదటిసారి ఊపిరి నిండ పీల్చుకున్న. అక్క అక్కడ ఒక్కతే కూసొని ఉండంగ, నేనిక్కడ తేలికైన. అది తప్పో కాదో నాకు తెల్వదు. అయిన మాట నిజం.