చలికాలపు నదిలో మామయ్యగారు

మా అత్తగారు పోయిన ఏడాదే చలికాలంలో మామయ్యగారు మా దగ్గరికి వచ్చారు. ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు మేం దేశంకాని దేశంలో, బాతెల్ అనే ఊళ్లో ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను విమానాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఇంజనీరుని, నా భార్య ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేది. పొద్దున్నే ఇద్దరం వెళ్లిపోతే ఆయన ఒక్కరే కిటికీ దగ్గర కూర్చునేవారు. అక్కడ చలికాలంలో వాన వానలా కురవదు. గాలిలో తడి వేలాడుతూ ఉంటుంది, అంతే. సాయంత్రం మేం వచ్చేసరికి అదే కుర్చీలో, అదే శాలువాలో కనిపించేవారు. దీపం కూడా వేసుకునేవారు కాదు.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. గోదావరి మనిషి. జీవితమంతా రైలు చివరి పెట్టెలో నిలబడి, వెనక్కి జారిపోయే ఊళ్లని చూసినవారు. పెళ్లయి అన్నేళ్లయినా నన్ను ‘మీరు’ అనే పిలిచేవారు. నేను గదిలోకి వస్తే కాళ్లు ముడుచుకుని కూర్చునేవారు. ఆ మర్యాద ముందు నాకూ మాటలు తోచేవి కావు. భోంచేశారా అంటే చేశానండి అనేవారు, అంతటితో మా సంభాషణ అయిపోయేది.

శనివారాలు నేను చేపల వేటకు వెళ్లేవాణ్ణి. ఆఫీసులో నా పక్క బల్ల ఆయన నేర్పిన అలవాటు అది. ఒక శుక్రవారం రాత్రి నా భార్య వంటింట్లో గొంతు తగ్గించి, “నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. చేపలు పట్టకపోయినా సరే, ఆ కుర్చీలోంచి లేపండి చాలు,” అంది.

మా ఇంటి నుంచి తూర్పుకు వెళ్తే వాన కొండ ఎక్కుతున్నకొద్దీ మంచుగా మారుతుంది. కనుమ దాటి అవతలికి దిగాక ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అక్కడొక నది ఉంది. రెండు వైపులా నల్లరాతి గుట్టలు, ఆకులు రాలిన పెద్ద చెట్లు, మధ్యలో పచ్చసీసా రంగు నీళ్లు. గాలికంటే నీళ్లే వెచ్చగా ఉంటాయి కాబట్టి చలి ఉదయాల్లో నది మీంచి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలో అవతలి ఒడ్డు కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మామయ్యగారు కారు తలుపు పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడ్డారు.

చలికాలంలో ట్రౌట్ చేపలు నీటిపైకి రావు. అడుగున, రాళ్ల నీడలో బద్ధకంగా ఉంటాయి. ఆ రాళ్ల కింద పాకే నీటిపురుగుల పిల్లలే వాటికి తిండి. ఆ పురుగుపిల్లల్ని నింఫ్‌లు అంటారు. చిన్న గాలానికి ఈకపోగు, సన్నటి రాగితీగ చుట్టి అచ్చం ఆ పురుగులా తయారుచేసి, నది అడుగున దొర్లనివ్వాలి. పైన దారానికి చిటికెడు నారింజరంగు ఊలు కడతాం. ఊలు నీళ్లతోపాటు పోతున్నంతసేపూ ఏమీ లేనట్టు. ఒక్క క్షణం ఆగిందంటే కింద ఏదో జరిగినట్టు. వెంటనే గాలపు కర్ర ఎత్తాలి.

ఇదంతా నేను చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నారు. నేనొక చేపను పట్టి, తడిచేత్తో గాలం తీసి, తిరిగి నీళ్లలో వదిలేసినప్పుడు మాత్రం ఆయన మొహంలో బాధ దాచుకోలేకపోయారు.

“అంత దూరం వచ్చి, అంత చలిలో నిలబడి, పట్టిన చేపని వదిలేయడమేంటండీ?”

ఇక్కడ చాలామంది అంతేనండి అన్నాను. ఆయన నీళ్లవైపు చూసి, పులుసు మాట ఎత్తబోయి మానేశారు.

తర్వాతి శనివారాల్లో ఆయన ఒడ్డున పడి ఉన్న దుంగ మీద, ఈకలు కూరిన నా పాత కోటు తొడుక్కుని కూర్చునేవారు. ఊలు ఆగడం నాకంటే ముందు ఆయనే చూసేవారు. మెల్లగా కర్ర కూడా పట్టుకున్నారు. కర్రకున్న ఇనుపరింగుల్లో మంచు గడ్డకట్టి దారం ఇరుక్కునేది. ఆయన దాన్ని నీళ్లలో ముంచి, కరిగాక తీసి, రింగు రింగునూ వేలితో తుడిచేవారు. మేం గంటల తరబడి ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇంట్లో బరువుగా ఉండే ఆ మౌనం అక్కడ బరువనిపించేది కాదు.

జనవరిలో ఒకరోజు సన్నగా మంచు పడుతోంది. రేకులు నీటిని తాకగానే మాయమైపోతున్నాయి. వాటినే చూస్తూ నేను నదిలోకి ఇంకొంచెం నడిచాను. కాలికింద రాయి దొర్లింది. ఛాతీ దాకా తొడుక్కునే రబ్బరు ప్యాంటులోకి నీళ్లు దూసుకొచ్చాయి. అరవడానికి నోరు తెరిచాను, ఊపిరి రాలేదు. కాళ్లు ఆనడం లేదు, ప్రవాహం నన్ను లోతువైపు జరుపుతోంది. విచిత్రంగా నాకు భయం వేయలేదు. మంచు ఎంత నెమ్మదిగా పడుతోందో అనుకున్నాను.

“ఒరేయ్, ఇటు చూడు! పట్టుకో!”

మామయ్యగారు మోకాళ్లు మునిగేదాకా నీళ్లలోకి వచ్చేశారు. చేతిలో పొడవాటి ఎండుకొమ్మ. నా వేళ్లు దాని మీద బిగిశాయో లేదో నాకు తెలియలేదు. “వదలకురా. నువ్వేం చెయ్యొద్దు, వదలకు చాలు,” అంటూ లాగారు. ఒడ్డున ఇద్దరం పక్కపక్కనే పడ్డాం.

కారు హీటరు వేసి, నా తడిబట్టలన్నీ ఆయనే విప్పారు. తన శాలువా నాకు లుంగీలా చుట్టారు, కోటు కప్పారు. నా పాదాలు ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రుద్దారు. వద్దండీ అనడానికి కూడా నా దవడలు అదుపులో లేవు. ఫ్లాస్కులో కాఫీ పట్టించి, వణుకు కాస్త తగ్గాక అన్నారు.

“చివర్లో మీ అత్తయ్య కాళ్లు ఇలాగే చల్లగా ఉండేవి. రుద్దుతూ కూర్చున్నాను. ఆపమంది. అలిసిపోతావు, పడుకో అంది. సరే అని పడుకున్నాను. లేచేసరికి లేదు.”

ఆయన ఆవిడ గురించి మా ఇంటికి వచ్చాక మాట్లాడటం అదే మొదలు. నేను పాదాలు ఆయన ఒళ్లోంచి తీసుకోలేదు. అద్దాల మీద ఆవిరి పట్టి, బయటి ప్రపంచం పాలలో కలిసిపోయినట్టుంది.

వెచ్చబడ్డాక ఇంటికి వెళ్దామా అన్నాను. ఆయన, “నువ్వు కారులోనే ఉండు. నేనొక్కసారి గాలం వేసొస్తాను,” అన్నారు. డిక్కీలో ఉన్న నా పొడి సాక్సులు తొడుక్కుని, వాటి మీద సరుకుల సంచులు కట్టుకుని, మళ్లీ ఆ తడి బూట్లలోనే కాళ్లు పెట్టి, తన కర్ర పట్టుకుని వెళ్లారు.

అద్దం మీద చేత్తో తుడిచి చూశాను. మంచులో ఆయన బూడిదరంగు నీడలా ఉన్నారు. కర్ర ఎత్తడం కనిపించింది, అది వంగడం కనిపించింది. ఆయన కంగారుపడలేదు. స్టేషన్‌లోకి వచ్చే రైలుకు దారిస్తున్నట్టు, చేప ఎటు వెళ్తే అటు నడిచారు. చివరికి వంగి, దాన్ని నీళ్లలోనే రెండు చేతుల మధ్య పట్టుకున్నారు. పులుసుకు సరిపోయేంత చేపే. ఎంతసేపు పట్టుకున్నారో చెప్పలేను. చేతులు విప్పాక కూడా అలాగే, నీళ్లలో వేళ్లు ముంచి, వంగే ఉన్నారు.

తిరిగొచ్చి కారెక్కాక ఎర్రబడిన అరచేతులు హీటరుకు పెట్టి, “గుండె కొట్టుకోవడం తెలుస్తుందిరా చేతికి,” అన్నారు.

ఇంటికొచ్చాక శాలువా కట్టుకుని దిగిన నన్ను చూసి నా భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. ఏమైందంటే ఆయన, “ఏం లేదమ్మా. అల్లుడు నదిలో స్నానం చేశాడు,” అన్నారు. ఆమె ముందు కోప్పడింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఇద్దరికీ మిరియాల చారు పెట్టింది. ఆ రాత్రి ఆయన భోజనాల బల్ల దగ్గర అత్తగారి కబుర్లు చెబుతూ చాలాసేపు కూర్చున్నారు.

ఆయన మా దగ్గర మూడు చలికాలాలు ఉన్నారు. తర్వాత ఎక్కడో దూరాన ప్లేనో అనే ఊళ్లో ఉన్న పెద్దకూతురి దగ్గరికి వెళ్లారు. అక్కడ ట్రౌట్ ఉండే నది లేదు. శనివారం సాయంత్రాలు ఫోన్ చేసి, నీళ్లెలా ఉన్నాయిరా అని అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. ఇవాళ పొద్దున ఆవిరి బాగా లేచిందని, గుట్టల మీద ఎండ ఆలస్యంగా దిగిందని, దుంగ పక్కన మంచులో జింక అడుగులున్నాయని. అవతల ఏమీ వినిపించేది కాదు. లైను తెగిందేమోనని నేను ఆగితే, “ఊఁ, చెప్పు,” అనేవారు.